పుంజుకొన్నారా, కోలుకొన్నారా?

తెలుగు టైటాన్స్ జట్టుకు పూర్వవైభవం తిరిగి వచ్చినట్టా, రానట్టా? ఈ వాదం మా విజయవాడ వన్ టౌన్‌లో 2025 వినాయక చవితి పందిళ్ళలో మొదలై, దసరా దాటి, దీపావళి దాటి, కార్తిక దీపాల దాకా సాగింది. ప్రొ కబడ్డీ పన్నెండో సీజను ఆ ఏడాది ఆగస్టు 29న విశాఖలో మొదలై అక్టోబరు 31న ఢిల్లీలో ముగిసింది. ఆటలు ముగిశాయి గాని వాదం ముగియలేదు. వస్త్రలత మెట్ల మీదా, కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గరి టీ కొట్టులోనూ, సరుకు లారీ కోసం ఎదురుచూసే అరగంటలోనూ ఎవరో ఒకరు దాన్ని మళ్ళీ కదుపుతూనే వచ్చారు.

క్రికెట్ గురించి అయితే ఇందులో వింత ఏమీ లేదు. కబడ్డీ గురించి, అందులోనూ మూడేళ్ళపాటు పట్టికలో అట్టడుగున పడి ఉన్న జట్టు గురించి, ఇంత పట్టుదలగా మాట్లాడుకోవడం నాకు ముచ్చట గొలిపింది. అయితే వింటున్నకొద్దీ ఒక అనుమానం బలపడింది. ఈ ప్రశ్న వేసిన తీరులోనే ఒక మెలిక ఉన్నది. ఆ మెలిక విప్పకుండా ఎంత వాదించినా ఏ పక్షమూ గెలవదు. దాన్ని విప్పే ప్రయత్నమే ఈ టపా.

"ఫామ్" అన్న మాటకు సరైన తెలుగు ఏదని మనబోటి భాషాభిమానులం తర్జనభర్జన పడుతుంటాం. వన్ టౌన్ వర్తకులకు ఆ బెంగ లేదు. వాళ్ళ నోట మూడు క్రియలు సిద్ధంగా ఉంటాయి. జ్వరపడి లేచినవాడు "కోలుకుంటాడు". దెబ్బ తిని దిమ్మెరపోయినవాడు "తేరుకుంటాడు". వరద నీటిలో మట్టి అడుగుకు దిగి పైనీరు తేటపడినట్టు. ఇక బేరం "పుంజుకుంటుంది". చెదిరి ఉన్నది ఒక రాశిగా పోగుపడటం ఇది. (సంక్రాంతికి బరిలో దిగే పుంజుకూ దీనికీ సంబంధం ఉన్నదా అని ఒక మిత్రుడు అడిగాడు. మా కృష్ణా జిల్లావాడికి ఆ సందేహం రాకపోతేనే ఆశ్చర్యపడాలి.)

ఈ మూడు మాటలూ ఒకదాని స్థానంలో ఒకటి చెల్లిపోతున్నట్టు కనబడతాయి గాని, వాటి మధ్య ఒక పెద్ద తేడా ఉన్నది. కోలుకోవాలంటే అంతకు ముందు ఆరోగ్యం ఉండాలి. తేరుకోవాలంటే అంతకు ముందు తెలివి ఉండాలి. పుంజుకోవడానికి మాత్రం ఏ పూర్వస్థితీ అక్కరలేదు. నిన్న తెరిచిన కొట్టు కూడా పుంజుకోవచ్చు. టైటాన్స్ గురించిన చర్చలో అందరూ మొదటి మాట పట్టుకొని కొట్టుకుంటున్నారు. నా దృష్టిలో అక్కడ అతికే మాట మూడవది.

ఎందుకంటే, ఇంతకీ ఆ పూర్వవైభవం ఏమిటి? 2014లో ప్రొ కబడ్డీ పుట్టినప్పుడు ఎనిమిది జట్లు. టైటాన్స్‌ది ఐదో స్థానం. 2015లో సెమీఫైనల్ చేరారు. బెంగళూరు బుల్స్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడి, చివరకు మూడో స్థానం తెచ్చుకొన్నారు. 2016లో రెండు సీజన్లు జరిగాయి. మొదటిదానిలో మళ్ళీ ఐదో స్థానం, రెండవదానిలో మళ్ళీ సెమీఫైనల్. 2017లో జట్ల సంఖ్య పన్నెండుకు పెరిగింది, టైటాన్స్ నాకౌట్ గడప తొక్కలేదు. 2018లోనూ అంతే. 2019లో పదకొండో స్థానం. పన్నెండు సీజన్లలో ఒక్క ఫైనల్ లేదు. ఇందులో "పూర్వం" స్పష్టంగానే కనబడుతున్నది. "వైభవం" ఎక్కడున్నదో వెతుక్కోవాలి.

ఇలా అంటే ఒప్పుకోనివారు ఉన్నారు. మా వీధిలో బట్టల కొట్టు గుమాస్తా ఒకాయన ఉన్నారు. ఆయన ఆరాధ్యదైవాలు ఇద్దరు. ఒకరు ఇంద్రకీలాద్రి మీద ఉన్నారు, రెండవవాడు రాహుల్ చౌదరి. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ నుంచి వచ్చిన ఆ కుర్రవాడు తొలి సీజనులోనే 151 రైడ్ పాయింట్లు సాధించాడు. నాలుగో సీజనులో అందరి కంటె ఎక్కువ రైడ్ పాయింట్లు అతనివే. కుడివైపుకు వాలి, కాలు చాచి, డిఫెండరు మడమ దగ్గర గాలిని తాకినట్టు తాకి, వెనక్కి తిరిగి వచ్చే ఆ ఒడుపును గుమాస్తాగారు కొట్టులో తానుల మధ్య నిలబడి అభినయించి చూపిస్తారు. "ఆ రోజులు వేరండీ. ఇప్పుడు మళ్ళీ ఆ వాసన వస్తున్నది" అని ఆయన మాట. ఇది మొదటి పక్షం. వీరికి వైభవం అంటే ఒక మనిషి.

రెండవ పక్షం కాలేజీ కుర్రవాళ్ళది. వీరికి రాహుల్ చౌదరి ఒక పాత వీడియో. వీరికి కావలసింది అంకెలు, అవి వీళ్ళ వేళ్ళ కొసన ఉన్నాయి. 2021-22లో 22 ఆటల్లో ఒకే ఒక గెలుపు. 2022లో రెండు. 2023-24లో రెండు. మొత్తం 66 ఆటల్లో ఐదు గెలుపులు, వరుసగా మూడుసార్లు అట్టడుగు స్థానం. ఆ తరవాత 2024లో 22 ఆటల్లో 12 గెలుపులు. 2025లో 18 ఆటల్లో 10 గెలుపులు, ఆపైన ప్లేఆఫ్స్. "ఇంకేం కావాలి సార్, రుజువు?" అంటారు.

మూడవ పక్షంలో ఉన్నది ఒకే ఒక వ్యక్తి. రెండు తరాల కిందట రాజస్థాన్ నుంచి వచ్చి మా వీధిలో స్థిరపడిన కుటుంబంలోని పెద్దాయన, హోల్‌సేల్ వ్యాపారి, నాకంటె చక్కని తెలుగు మాట్లాడతారు. ఆయన వాదం ఖాతా పుస్తకపు వాదం. "మూడేళ్ళు అప్పు, రెండేళ్ళు లాభం. పాత బాకీ తీరిందా? తీరలేదు. బాకీ తీరకముందే కొట్టుకు రంగులు వేయిస్తారా?" అని ఆయన ప్రశ్న. ఎదుటివారి ఉత్సాహం మీద చన్నీళ్ళు చల్లడంలో ఆయనకు ఒక రకమైన సాత్వికానందం ఉన్నది. కాని ముగ్గురిలోనూ ఆటను అందరికంటె శ్రద్ధగా చూసేది ఆయనే అని నా అభిప్రాయం.

ముందు కుర్రవాళ్ళ అంకెలు చూద్దాం. 2024లో 22కి 12 అంటే నూటికి 54.5. 2025లో 18కి 10 అంటే నూటికి 55.6. తేడా ఎంత? ఒక్క శాతం. 2024లో అదే ఆటతో ఏడో స్థానంలో ఆగిపోయారు. ప్లేఆఫ్స్‌కు ఆరు జట్లే కాబట్టి ఒక మెట్టు కింద మిగిలిపోయారు. 2025లో ఇంచుమించు అదే ఆటతో మొదటి నాలుగు స్థానాల్లోకి వచ్చారు. అంటే పట్టిక చూసి "ఈసారి తిరిగి వచ్చారు" అన్నవారంతా ఒక ఏడాది ఆలస్యంగా అన్నారు. అసలు మార్పు జరిగింది 2024లో. రెండు గెలుపుల నుంచి పన్నెండు గెలుపులకు ఎక్కినది ఆ ఏడాదే. కాని ఏడో స్థానానికి ఎవరూ పందిరి వేయరు.

ఆ ఏడాది మా ఊరికి వేరే బాధలు ఉన్నాయి లెండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి ఊళ్ళోకి వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. తడిసిన సరుకు ఆరబెట్టుకుంటూ, బీమావాళ్ళ కోసం ఎదురుచూస్తూ ఉన్న రోజుల్లో, అక్టోబరు 18న గచ్చిబౌలిలో టైటాన్స్ తొలి ఆటలో బెంగళూరు బుల్స్‌ను 37-29తో ఓడించారన్న సంగతి మావాళ్ళలో చాలామంది పట్టించుకోలేదు. తేరుకోవడం అన్న మాట ఆ రోజుల్లో జట్టు కంటె ఊరికి ఎక్కువ అవసరమైంది.

ఇక గుమాస్తాగారి వాదం. దీని దగ్గర కొంతసేపు ఆగాలి, ఎందుకంటే ఆట మర్మం ఇక్కడే ఉన్నది.

కబడ్డీలో ఫామ్ అన్నది క్రికెట్టులో ఫామ్ వంటిది కాదు. క్రికెట్టులో బ్యాటరు ఒకసారి అవుటైతే ఆ ఇన్నింగ్స్‌కు అతని పని సరి. కబడ్డీలో అవుటైనవాడు బెంచీ మీద కూర్చొని తిరిగి బతకడానికి ఎదురుచూస్తాడు. అతన్ని బతికించవలసినది మిగిలినవారు. ఎదుటి జట్టులో ఒకరిని అవుట్ చేస్తేనే మనవాడు ఒకడు లోపలికి వస్తాడు. అది కూడా అవుటైన వరుసలోనే. బోనసు గీత తొక్కి తెచ్చిన పాయింటుకు ఎవడూ బతకడు. అందువల్ల ఎంత గొప్ప కూతగాడైనా, అతను బెంచీ మీద ఉన్న నిమిషాల్లో మిగిలిన ఆరుగురు ఏం చేస్తారన్న దాని మీదే అతని రెండవ కూత ఆధారపడి ఉంటుంది. ఎదుటి జట్టుకు ఇది తెలుసు. మేటి కూతగాణ్ణి ఒకసారి పట్టి బెంచీ ఎక్కిస్తే చాలు, ఆ తరవాత తొందరపడరు. ఒక కూత ఖాళీ, రెండో కూత ఖాళీ, మూడోది చావో రేవో. ఆ మూడో కూతకు బలహీనుడు వెళ్ళక తప్పని పరిస్థితి కల్పిస్తారు. వాడు చిక్కుతాడు. కోటలో మనుషులు తరిగిపోతారు. ఆలౌట్. మేటి ఆటగాడు తిరిగి లోపలికి వచ్చేది ఆ ఆలౌట్ తరవాత, ఎదుటివారికి రెండు పాయింట్లు అదనంగా అర్పించుకొన్నాక.

టైటాన్స్ పాత ఆటల్లో ఈ దృశ్యం ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు. రాహుల్ ఆడుతుంటే జట్టు ఆడుతున్నట్టు ఉండేది. రాహుల్ కూర్చుంటే జట్టు కూడా కూర్చున్నట్టు ఉండేది. గుమాస్తాగారు ఏ వాసన కోసం ముక్కు ఎగబీలుస్తున్నారో అది ఒక మనిషి ప్రతిభ తాలూకు పరిమళం. అది నిజంగా గొప్పదే, కాదనడం లేదు. జట్టు ఫామ్ మాత్రం అది కాదు.

దీనికి సాక్ష్యం ఆ తరవాతి ఏళ్ళే. యాజమాన్యం కూడా గుమాస్తాగారి లాగే ఆలోచించింది కాబోలు. ఒక మనిషి పోతే ఇంకొక మనిషిని తెచ్చింది. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ను 1 కోటి 45 లక్షలకు కొన్నారు. 2021-22 సీజనులో అతను మొదట్లోనే గాయపడ్డాడు. ప్రేక్షకులు లేని బెంగళూరు హోటలు హాల్లో జట్టు 17 ఆటలు ఓడి, నాలుగు సమం చేసి, ఒక్కటి గెలిచింది. 2022లో సిద్ధార్థ్‌కు తోడు సుర్జీత్ సింగ్, రవీందర్ పహల్, మోను గోయత్; పేర్లు చదివితే భారత జట్టు జాబితా చదివినట్టు ఉంటుంది. 22లో 20 ఓటములు. 2023 అక్టోబరులో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. అప్పటికి ఆ పోటీల చరిత్రలో అంత ధర ఎవరికీ పలకలేదు. ఆ సీజనులో గెలుపులు రెండు, ఓటములు పందొమ్మిది.

పవన్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఆ వేలం జరిగిన వారంలోనే అతను హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత జట్టు నాయకుడిగా స్వర్ణం తెచ్చి వచ్చాడు. అక్కడ "కోలుకోవడం" అన్న మాట అక్షరాలా సరిపోతుంది. 1990 బీజింగ్ నుంచి 2014 ఇంచియాన్ దాకా ఏడు ఆసియా క్రీడల్లో వరుసగా స్వర్ణం గెలిచిన జట్టు, 2018లో జకార్తాలో ఇరాన్ చేతిలో సెమీఫైనల్లో 18-27తో ఓడి కాంస్యంతో ఇంటిదారి పట్టింది. ఐదేళ్ళ తరవాత అదే ఇరాన్‌ను ఫైనల్లో 33-29తో ఓడించింది. ఆఖరి నిమిషాల్లో పవన్ వెళ్ళిన ఒక కూత మీద రగడ జరిగి ఆట చాలాసేపు ఆగిపోయింది, అది వేరే కథ. ఉన్నది పోయింది, పోయినది తిరిగి వచ్చింది. అదే మనిషి, అదే కాలు, కొద్ది వారాల తరవాత టైటాన్స్ పసుపు చొక్కాలో దిగేసరికి పందొమ్మిది ఓటములు. లోపం మనిషిలో ఉన్నదని ఎవరనగలరు?

క్రికెట్టు వైపు చూసినా ఇంతే. సన్‌రైజర్స్ హైదరాబాద్ 2016లో కప్పు గెలిచింది, 2021లోనూ 2023లోనూ అట్టడుగున పడింది, 2024లో ఫైనల్ దాకా వెళ్ళి 113 పరుగులకే కూలి ఓడింది, 2025లో ఆరో స్థానం. ఆ జట్టు అభిమానులు "పాత ఫామ్ వచ్చిందా" అని కొట్టుకుంటే అందులో న్యాయం ఉన్నది. కొలిచి చూడటానికి వాళ్ళ దగ్గర 2016 అనే కొలబద్ద ఉన్నది. టైటాన్స్ అభిమాని దగ్గర కొలబద్ద లేదు. అందుకే అతను రాహుల్ చౌదరి మడమ స్పర్శను కొలబద్దగా వాడుకుంటున్నాడు.

సరే, 2024లో ఏం మారింది? కృషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చారు. చమత్కారం చూడండి: టైటాన్స్ ఒకే ఒక ఆట గెలిచిన ఆ 2021-22 సీజనులోనే ఆయన శిక్షణలో దబంగ్ ఢిల్లీ కప్పు గెలిచింది. సీజను మధ్యలో పవన్ గాయపడ్డాడు. అంతకు ముందటి ఆనవాయితీ ప్రకారం అక్కడితో కథ కంచికి చేరాలి. చేరలేదు. విజయ్ మలిక్ ముందుకు వచ్చాడు. కళ్ళు మిరుమిట్లు గొలిపే కూతగాడు కాదతను. బోనసు ఒకటి, చేతి తాకుడు ఒకటి, ఇలా కూలికి కూలి దాచుకొనే మనిషిలాగా పాయింట్లు పోగేస్తాడు. పోగు అన్న మాట కావాలనే వాడాను. 2025 వేలానికి ముందు పవన్‌ను వదులుకొన్నారు, అతను తమిళ్ తలైవాస్‌కు వెళ్ళాడు. టైటాన్స్ నాయకత్వం విజయ్ మలిక్‌కు దక్కింది, తోడుగా భరత్ హుడా వచ్చాడు. సీజను తొలి ఆటే పవన్ కొత్త జట్టుతో, విశాఖలో; 35-38తో ఓడారు. మర్నాడు యూపీ యోధాస్‌తో ఆడి అదీ ఓడారు. మా గుమాస్తాగారు ఆ రెండు రోజులూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తరవాత పదహారు ఆటల్లో పది గెలిచారు.

అతి పెద్ద పేరును వదులుకొన్న ఏడాదే ప్లేఆఫ్స్ చేరడం యాదృచ్ఛికం అని నేను అనుకోవడం లేదు. పవన్ వల్ల జట్టు చెడిందని నా భావం కాదు, అతను ఉన్నప్పుడు మిగతావారు తమ వంతు అతని మీద పెట్టి ఊరుకొన్నారు. పెద్దకొడుకు సంపాదిస్తుంటే తమ్ముళ్ళు అరుగు మీద కూర్చొన్నట్టు.

అక్టోబరు 26న మినీ క్వాలిఫయర్‌లో బెంగళూరు బుల్స్‌పై 37-32. 28న ఎలిమినేటర్‌లో పాట్నా పైరేట్స్‌పై 46-39. ఆ పాట్నా జట్టు వరుస గెలుపుల మీద, మంచి జోరులో వచ్చింది. 28 రాత్రి మా జిల్లాలవారు ఎవరూ మరిచిపోరు. మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది ఆ రాత్రే. వన్ టౌన్‌లో కొట్లు పెందలాడే మూసేశారు. కరెంటు ఉన్న ఇళ్ళవాళ్ళు లేని ఇళ్ళవాళ్ళకు ఫోనులో స్కోరు చెబుతూ ఆ ఆట చూశారు. గాలివాన గురించి అడగవలసిన ఫోన్లలో "భరత్ లోపలున్నాడా, బయటున్నాడా" అన్న ప్రశ్న వినబడింది. అభిమానం అన్నమాట.

మర్నాడు క్వాలిఫయర్-2. పుణేరి పల్టన్ 50, టైటాన్స్ 45. భరత్ హుడా ఒక్కడే 23.

హోల్‌సేల్ పెద్దాయన ఈ అంకె కోసమే కాచుకొని కూర్చొన్నట్టు దీన్ని అందుకొన్నారు. "45లో 23. సగం కంటె ఎక్కువ. మీరు చెప్పే జట్టు ఏదీ? మనిషి పేరు మారింది, జబ్బు మారలేదు." ఈ వాదంలో బలం ఉన్నది. ఫైనల్‌కు ఒక్క అడుగు దూరంలో, ఒత్తిడి పెరిగిన కొద్దీ, జట్టు మళ్ళీ ఒక్కడి భుజాల మీదకు ఎక్కిందన్నది కాదనలేని మాట. కుర్రవాళ్ళ దగ్గర దీనికి జవాబు లేకపోయింది.

నాకు తోచిన జవాబు ఇది. 45 పాయింట్లు తెచ్చిన జట్టు కూతల వల్ల ఓడలేదు. 50 ఇచ్చుకొన్నందువల్ల ఓడింది. చేతికి వచ్చిన ఆధిక్యాన్ని నిలుపుకోవలసిన చోట మూలల్లో పట్టు సడలింది; ఎదుటి కూతగాడు గీత దాటి వెళ్ళిపోతుంటే నలుగురు ఒకేసారి కదలవలసిన చోట ఒకడు ముందు దూకాడు, మిగిలినవారు చూస్తూ నిలబడ్డారు. పాత జబ్బు కూతగాడు బెంచీ ఎక్కితే జట్టు చచ్చుబడటం. ఇది ఆ జబ్బు కాదు, డిఫెన్సు అలసిపోయి వరుస తప్పడం. దీనికి మందు వేరు, వైద్యుడు వేరు. కొత్త జబ్బు రావడం కూడా ఒక విధంగా శుభసూచకమే అంటే పెద్దాయన నవ్వి, "లాభం లేని వ్యాపారికి ఇన్‌కమ్‌టాక్స్ బాధ ఉండదు, అంతేగా" అన్నారు. అంతే.

కాబట్టి నా తీర్పు ఏదైనా ఉంటే అది ఇలా ఉంటుంది. టైటాన్స్ కోలుకోలేదు, వాళ్ళకు తిరిగి పొందవలసిన ఆరోగ్యం ఎన్నడూ లేదు. పుంజుకొన్నారు. పుంజుకోవడం 2024లో మొదలైంది, 2025లో నలుగురికీ కనబడింది. ఈ రెండు మాటల తేడా పట్టించుకోకపోతే నష్టం ఏమిటంటారా? "పూర్వవైభవం" అని పేరు పెట్టగానే దాని వెంట రాహుల్ చౌదరి బొమ్మ వస్తుంది. ఆ బొమ్మ వెంట "ఇంకొక రాహుల్‌ను కొనండి" అన్న కేక వస్తుంది. ఆ కేక విని కొన్న సీజన్ల ఫలితం 66లో ఐదు.

ఇంతవరకు జట్టు సంగతి. అభిమానుల వాదంలో ఎవరూ ముట్టుకోని ఇంకొక మాట ఉన్నది, నాకు అసలు మనసులో మెదిలేది అదే. జట్టు పేరులో "తెలుగు" ఉన్నది. రాహుల్ బిజ్నోర్‌వాడు, పవన్ ఢిల్లీవాడు, హుడాల ఇంటిపేరు వింటేనే హర్యానా తెలుస్తుంది. పన్నెండు సీజన్లలో మొదటి ఏడుగురిలో తెలుగువాడు కనబడటం అరుదు. వేలంలో ఆడే ఆట కాబట్టి ఎవరు ఎక్కడివారైనా అభ్యంతరం పెట్టకూడదు, పెట్టడం లేదు. ఒక్క సంగతి మాత్రం నవ్వు తెప్పిస్తుంది. మన సినిమాల్లో తెలుగు కూతగాళ్ళకు కొదవ లేదు. ఒక్కడు (2003), అదే ఏడాది కబడ్డీ కబడ్డీ, భీమిలి కబడ్డీ జట్టు (2010), సీటీమార్ (2021)... వెండితెర మీద ఉన్నంతమంది తెలుగువాళ్ళు తెలుగు టైటాన్స్ కోటలో ఏనాడూ లేరు.

ఆట తెలియని నేలా ఇది? కృష్ణా డెల్టాలో వరి కోసిన మళ్ళు ఆరగానే, సంక్రాంతికి ఊరూరా చెడుగుడు పందాలు పెట్టడం తాతల నాటి నుంచి ఉన్నది. ఘంటసాల, అవనిగడ్డ, కైకలూరు, ఏ వైపు వెళ్ళినా పండగ మూడు రోజుల్లో ఎక్కడో ఒకచోట సున్నపు గీతలు కనబడతాయి. అక్కడ ఆడే కుర్రవాళ్ళలో ఒడుపు లేదని నేను నమ్మను. లేనిది ఆ నాలుగో రోజు. పండగ వెళ్ళగానే ఆట కూడా అటకెక్కుతుంది. హర్యానా పల్లెల్లో కుర్రవాడు ఏడాది పొడుగునా చాప మీద ఆడతాడు, రైల్వేలోనో సర్వీసెస్‌లోనో ఉద్యోగం కళ్ళ ముందు కనబడుతుంటుంది. మనవాడు నల్లరేగడి మట్టి మీద, వట్టికాళ్ళతో ఆడతాడు. మట్టి మీద కాలు జారుతుంది, ఆ జారుడును వాడుకోవడమే అక్కడి విద్య. చాప మీద బూటు పట్టేస్తుంది. తిరగడం, ఆగడం, మడమ విడిపించుకోవడం అన్నీ మళ్ళీ మొదటినుంచి నేర్వవలసిందే. పద్దెనిమిదేళ్ళు మట్టిలో ఆడి, ఎంపికల రోజున మొదటిసారి చాప ఎక్కినవాడు ఎంతసేపు నిలుస్తాడు?

వేలంతో పని లేకుండా చిన్న వయసువారిని జట్టులోకి తీసుకొనే వీలు ఈ లీగులో ఉన్నది. న్యూ యంగ్ ప్లేయర్స్ అని దానికి పేరు. తెలుగు కుర్రవాడు లోపలికి రాగల తలుపు అదే. ఇప్పుడు పుంజుకొన్న జట్టు కాబట్టి ఆ తలుపు దగ్గర ఒకరిద్దరిని కూర్చోబెట్టి నేర్పగల తీరిక ఉంటుంది. ఓడుతున్న జట్టుకు ఆ తీరిక ఉండదు, పేరున్నవాడి కోసం పరుగెత్తుతుంది. 2025 గెలుపులు నాకు ముఖ్యంగా తోచినది ఇందుకే.

ఈ మాట నేను అన్నప్పుడు గుమాస్తాగారు, కుర్రవాళ్ళు మౌనంగా విన్నారు గాని పెద్దాయన మాత్రం వెంటనే వ్యాపారంలోకి దిగారు. కబడ్డీ చాప ఎంత ఉంటుందని అడిగారు. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు అని చెప్పాను. వన్ టౌన్‌లో అంత ఖాళీ జాగా ఎక్కడున్నదో ఆయన వేళ్ళ మీద లెక్క పెట్టసాగారు. కొత్తపేటలో ఒక బడి ఆవరణ, గాంధీ కొండ దిగువన ఒక చోటు, ఇంకొకటి లారీలు నిలిపే స్థలం, అది సాయంత్రం ఆరు తరవాతే ఖాళీ. మూడో వేలు దగ్గర ఆగి, చాప ఖరీదు కనుక్కొమ్మని ఒక కుర్రవాడికి చెప్పారు.